కసవుకు సొంతదారు ఎవరు?

నెల్లూరులో మైపాడు గేటు అనే చోటు ఒకటి ఉన్నది. అక్కడి నుండి తూర్పుగా బయలుదేరిన రోడ్డు ఇందుకూరుపేట మీదుగా వరిపొలాలు, రొయ్యల గుంటలు దాటి, బకింగ్‌హాం కాలువను కూడా దాటి పాతిక కిలోమీటర్ల దూరాన సముద్రపుటొడ్డున ఆగిపోతుంది. ఆ చివరి ఊరే మైపాడు. కార్తిక పౌర్ణమినాడు సముద్రస్నానానికీ, కనుమనాడు వినోదానికీ, ఎండాకాలపు ఆదివారాల్లో గాలికీ నెల్లూరు జనమంతా ఈ రోడ్డు వెంటే వస్తారు. వచ్చినవారు సాయంత్రానికి తిరిగి వెళతారు. వారు తెచ్చినవి మాత్రం వెళ్ళవు.

ఈ ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. చెత్తను గురించి నాకు వ్రాసే అర్హత ఏమున్నదని మిత్రులు అడుగవచ్చు. రెండున్నాయి. ఒకటి, ఈ ఒడ్డున ఒక తప్పు పని స్వహస్తాలతో చేసినవాడిని. రెండవది, ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకొనడానికి ఏళ్ళ తరబడి చదివినవాడిని. ముందుగా నా వృత్తికి తగిన మాటతో మొదలుపెడతాను.

మా నెల్లూరు సీమలో ఇల్లు ఊడ్వడాన్ని 'కసువు చిమ్మడం' అంటాము. కసవు అంటే చెత్త అన్నది ఇప్పటి అర్థం. నిఘంటువు తెరిస్తే మొదటి అర్థం గడ్డి. పశువు మేసేది, పైకప్పుకు పరచేది, పడక కింద వేసేది. మేయగా, పరచగా మిగిలి వాకిట రాలిన పరకలే చీపురుకు దొరికే సామగ్రి గనుక గడ్డి పేరే చెత్తకు వచ్చింది. ఆంగ్లంలో 'లిట్టర్' అనే మాట చరిత్ర చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. దాని మొదటి అర్థం పడక. తరువాత పడకకు పరచే గడ్డి. ఆ పిదప చెల్లాచెదరుగా పడిన చెత్త. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిన నడిచాయంటే, ఆ రెండు సమాజాల్లోనూ వాకిట రాలినది నిన్నమొన్నటి వరకూ గడ్డిపరకేనన్నమాట. రాలితే మట్టిలో కలిసేది.

'పెంట' సంగతి ఇంకా విచిత్రం. ఈనాడు తిట్టుగా మిగిలిన ఆ పదానికి కుప్ప అనీ, ఎరువు అనీ, చిన్న ఊరు అనీ అర్థాలున్నాయి. నల్లమలలో చెంచుల గూడేలను నేటికీ పెంటలనే అంటారు. మా చిన్ననాడు ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక పెంటదిబ్బ ఉండేది. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు దిబ్బను కూడా పంచుకొనేవారు. వేసవిలో బండికెత్తి చేనికి తోలేవారు. పొరుగువాడి దిబ్బ నుండి తట్టెడు ఎత్తుకుపోతే తగాదా అయ్యేది. చెత్తకు సొంతదారు ఉండేవాడు, అది ఆస్తి గనుక.

అట్లని పాతకాలమంతా పరిశుభ్రమని నేను అనబోవడం లేదు. ఆస్తి కాని మురికి కూడా ఊళ్ళో ఉండేది. చచ్చిన పశువును, మనిషి మలాన్ని ఎత్తే పని కొన్ని కులాల నెత్తిన రుద్ది, వారిని ఊరి వెలుపల ఉంచి, మిగిలినవారు తాము శుచిగా ఉన్నామని చెప్పుకున్నారు. ఆ పనిని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో ఒకసారి, చాలక 2013లో మరొకసారి చట్టం చేయవలసి వచ్చింది.

నగరంలో అయితే సొంతదారును పట్టుకొనడం మొదటినుంచీ కష్టమే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరాధికారి విధులు చెప్పిన ప్రకరణంలో వీథిలో దుమ్ము, చెత్త పోసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, బురదనీరు నిలువజేసినవానికి పావు పణం జరిమానా ఉన్నది. అదే రాజమార్గంలో చేస్తే రెట్టింపు. పిల్లి, కుక్క, ముంగిస, పాము వంటివాటి కళేబరాన్ని నగరంలో పడవేస్తే మూడు పణాలు, గాడిద, ఒంటె, గుర్రం అయితే ఆరు, మనిషి శవమైతే యాభై. పాఠం చెప్పే రోజుల్లో దీనిని చదివి పిల్లలు నవ్వేవారు. నేను ఇప్పుడు గమనించేది ఆ వర్గీకరణను. ఏ వస్తువు, ఏ వీథి, ఎంత బరువైన అపరాధం అని విడదీసి చూసిన తరువాతనే శిక్ష నిర్ణయించారు. 'చెత్త' అని ఒక్క మాటతో ముగించలేదు.

ఆధునిక కాలంలో ఆ బాధ్యత మునిసిపాలిటీ చేతికి వచ్చింది. చెన్నపట్నం ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం చేసింది. ఆ మరుసటి సంవత్సరం, 1866లో, నెల్లూరు మునిసిపాలిటీ ఏర్పడింది. 2004లో అది నగరపాలక సంస్థ అయింది. అంటే నెల్లూరు వీథులను పన్నుల సొమ్ముతో ఊడ్పించడం మొదలై నూట యాభై ఏళ్ళు దాటింది. దీనివల్ల కలరా, మశూచి రోజుల్లో ఎంతో మేలు జరిగింది, కాదనను. అయితే ఒక మార్పు సద్దు లేకుండా వచ్చింది. గుమ్మం దాటిన మరుక్షణం చెత్త నాది కాదు, మునిసిపాలిటీది. పన్ను కట్టాను గనుక పారవేయడం నా హక్కు. దిబ్బను పంచుకున్న అన్నదమ్ముల మనుమలు చెత్తకుండీ పక్కింటి ముందు పెట్టించడానికి కౌన్సిలరు దగ్గరకు వెళ్ళసాగారు.

దీనికి విరుద్ధంగా ఒక మాట మా మండలంలోనే వినిపించింది. ఇందుకూరుపేట మండలంలో పెన్న ఒడ్డున పల్లెపాడు అనే ఊరున్నది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావుగారు దానికి ప్రాణం పోశారు. పొణకా కనకమ్మగారు భూమి ఇచ్చారు. దక్షిణాఫ్రికా నాటి సహచరుడు పార్సీ రుస్తుంజీ విరాళం ఇచ్చారు. గాంధీజీకి పారిశుద్ధ్యం స్వరాజ్యానికి అనుబంధం కాదు, అందులో భాగమే. 1901 కలకత్తా కాంగ్రెసు మహాసభలో ప్రతినిధుల మరుగుదొడ్లు చూసి తానే చీపురు పట్టారు. 1916లో కాశీ విశ్వవిద్యాలయ సభలో మహారాజులను ఎదుట పెట్టుకొని విశ్వనాథాలయపు సందుల మురికిని గురించి మాట్లాడారు. ఎవరి మురికి వారే ఎత్తుకొనాలన్నది ఆయన ఆశ్రమాల నియమం. మైపాడు వెళ్ళేవారిలో పల్లెపాడు వైపు బండి తిప్పేవారు బహు కొద్దిమంది. రెండూ ఒకే మండలంలో ఉన్నాయని తెలియనివారు నెల్లూరులోనే ఉన్నారు.

తరువాత ప్లాస్టిక్కు వచ్చింది. విస్తరాకు పోయి ప్లాస్టిక్కు పూతవేసిన కాగితపు పళ్ళెం, మట్టి ముంత పోయి పలుచని గ్లాసు, గోనెసంచి పోయి చేతిసంచి. ప్రభుత్వాలు చూస్తూ ఊరుకోలేదు. సంచి మందం 20 మైక్రాన్లకు తగ్గరాదని 1999లో, 40 అని 2011లో, 50 అని 2016లో, 75 అని 2021లో, 120 అని 2022 చివరినుండి, ఇట్లా నియమం బిగుస్తూ వచ్చింది. ఒకసారి వాడి పారవేసే కొన్ని వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. బజారులో సంచిని వ్రేళ్ళతో నలిపి మైక్రాన్లు చెప్పగల మహానుభావుడు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక నా తప్పు సంగతి.

1990ల చివరి రోజుల్లో జన్మభూమి, క్లీన్ అండ్ గ్రీన్ కార్యక్రమాలు ఊరూరా జరుగుతుండేవి. మా పాఠశాల పిల్లలను మైపాడు తీసుకువెళ్ళి ఒడ్డు శుభ్రం చేయించమని నాకు అప్పజెప్పారు. ఉత్సాహంగానే వెళ్ళాము. తెల్లవారినుండి ఎండెక్కేవరకు పిల్లలు ఏరారు. గోతాలు నిండాయి. ఫోటో తీశారు. అప్పుడు ప్రశ్న వచ్చింది: ఈ గోతాలు ఎక్కడ పెట్టాలి? బండి ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఇసుక దిబ్బల వెనుక పెద్ద గుంట తవ్వించి పూడ్పించాను. ఆ పని నా ఆజ్ఞతోనే జరిగింది. పిల్లలకు ఉప్మా పెట్టించి తిరిగి వచ్చాము.

ఆ ఏటి ఈశాన్య రుతుపవనంలో తుపాను పోటు దిబ్బను కోసివేసింది. సంక్రాంతి తరువాత వేరే పనిమీద వెళ్ళినప్పుడు మా గోతాలు చిరిగి, లోపలివన్నీ ఒడ్డు పొడవునా పరచుకొని ఉన్నాయి. వలలు ఎండబెట్టే చోట ఒక పట్టపు ముసలామె నన్ను గుర్తుపట్టింది. "అయ్యోరా, మీరు ఏరేదానికి ముందు ఒడ్డు మీద ఉండె. ఇప్పుడు మా వలల్లోకి వస్తా ఉండాది. దాన్ని ఆడనే ఇడిసిపెట్టి ఉంటే పోయుండు గదా" అన్నది. ఆమె కోపంగా అనలేదు. అందుకే మరింత బాధ కలిగింది. ఆ ఫోటో మా సిబ్బంది గదిలో చాలా ఏళ్ళు వ్రేలాడింది.

మేము ఏరినదేమిటి? ఎవరిది? ఎక్కడినుండి వచ్చింది? ఒక్క ప్రశ్నకు కూడా నావద్ద జవాబు లేదు. గోతాలు ఎన్ని నిండాయో మాత్రం చెప్పగలిగేవాడిని.

ఈ ప్రశ్నలను సరిగ్గా అడిగినవారు అప్పటికి పుష్కరకాలం ముందే అమెరికాలో ఉన్నారని తరువాత చదివాను. 1986లో టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, కాథీ ఓహారా అనే ఇద్దరు స్త్రీలు ఒడ్డు శుభ్రం చేయడానికి జనాన్ని పిలిచారు. 2,800 మంది వచ్చారు. రెండు గంటల్లో 124 టన్నుల చెత్త ఎత్తారు. ఇంతవరకు మేము చేసినదానికీ వారు చేసినదానికీ పరిమాణంలోనే భేదం. అసలు భేదం వేరే ఉన్నది. వచ్చిన ప్రతివారి చేతికీ ఒక కాగితం ఇచ్చారు. అందులో వస్తువుల పేర్లు అచ్చువేసి ఉన్నాయి. సీసా, మూత, సంచి, తాడు, ఇట్లా. ఏరిన ప్రతి వస్తువుకూ ఆ గడిలో ఒక గీత గీయాలి. చెత్త గోతంలోకి, లెక్క కాగితంలోకి.

ఆ గీతలు కూడితే ఒక సంగతి బయటపడింది. ఒడ్డున పడ్డదంతా ఒడ్డుకు వచ్చిన యాత్రికులది కాదు. సముద్రంలో తిరిగే ఓడల నుండి, నూనె బావుల వేదికల నుండి విసిరినది చాలా ఉన్నది. సొంతదారు దొరికాడు. ఓడలు ప్లాస్టిక్కును సముద్రంలో పారవేయరాదన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని అమెరికా 1987లో ఆమోదించడానికి సాక్ష్యంగా నిలిచినవాటిలో ఈ లెక్క కూడా ఒకటి. 1988 డిసెంబరు 31 నుండి ఆ నిబంధన అమల్లోకి వచ్చింది. చదువుకున్న శాస్త్రజ్ఞుడు ఒక్కడు ఆ తీరమంతా తిరిగి లెక్కించాలంటే ఎన్నేళ్ళు పట్టేదో! వేలమంది మామూలు జనం రెండు గంటల్లో చేశారు. ఆనాటి ఆచారమే ఇప్పుడు ఏటా సెప్టెంబరు మూడవ శనివారం నాడు ప్రపంచమంతటా జరుగుతున్నది. మన దేశంలో తీరరక్షక దళం ముందుండి నడిపిస్తుంది.

మన తెలుగువారు ఇటువంటి పని చేయలేదా అంటే, చేశారు. ఒకరు పరరాష్ట్రంలో చేశారు. 1994 సెప్టెంబరులో సూరత్ నగరంలో ప్లేగు భయం పుట్టి లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయినది చాలామందికి గుర్తుండవచ్చు. 1995 మే నెలలో ఆ నగరానికి కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు మన తెలుగువారు. ఎస్.ఆర్. రావు అంటేనే అందరికీ తెలుస్తుంది. నగరాన్ని ఆరు మండలాలుగా విడదీసి, అధికారం వాటికి పంచి, అధికారులంతా ఉదయం చల్లని గదులు వదలి వీథుల్లో ఉండాలని శాసించారు. ఏ వీథి ఎవరి బాధ్యతో తేల్చారు. ఏ పేటలో ఏ జ్వరం ఎందరికి వచ్చిందో ఏ రోజుకారోజు లెక్క తెప్పించుకున్నారు. 1996లో ఇంటాక్ సంస్థ జరిపిన పరిశీలనలో చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా సూరత్ నిలిచింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళకు ముందు ప్లేగుతో దేశం వెలివేసిన ఊరది!

అదే 1996లో అల్మిత్రా పటేల్ అనే విదుషీమణి నగరాల చెత్త విషయమై సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. దాని ఫలితంగానే 2000 సంవత్సరంలో పురపాలక ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. తడి, పొడి అన్న మాటలు అప్పటినుండి కాగితాలకెక్కాయి. కాగితం నుండి వీథికి దింపినవాడు కావాలి గదా. ఆ పని అప్పటి నల్లగొండ జిల్లా సూర్యాపేటలో జరిగింది.

సూర్యాపేట అప్పటికి లక్షకు చేరువైన జనాభా గల పట్టణం. హైదరాబాదు, విజయవాడల నడుమ బస్సులు ఆగి టిఫిను తినిపించే ఊరు. 2003లో అక్కడ కమిషనరుగా ఉన్న ఎస్.ఎ. ఖాదర్‌గారు ఎదురు తోవ పట్టారు. ఊరు శుభ్రం చేయాలంటే ఎవరైనా ముందు చెత్తకుండీలు పెంచుతారు. ఆయన తీసివేయించారు. ఇంటింటికీ బండి వస్తుంది, తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా చేతికివ్వాలి. తడిది వానపాముల ఎరువు అయింది, పొడిది పాతసామాను వ్యాపారులకు అమ్మారు. కుండీ లేని పట్టణమని దేశం నలుమూలల నుండి చూసిపోవడానికి వచ్చారు. బయటి ధనసహాయం కోసం కాచుకొనకుండా మునిసిపాలిటీ తన సిబ్బందితో, తన సొమ్ముతోనే చేయడం నన్ను ఆకట్టుకున్న అంశం.

కుండీ తీసివేయడం చిన్న మాటగా కనబడుతుంది. ఆలోచించండి. కుండీ అన్నది సొంతదారును దాచిపెట్టే పాత్ర. పదిళ్ళ చెత్త అందులో పడగానే ఎవరిదో చెప్పలేము. బండి గుమ్మం ముందుకు వచ్చినప్పుడు ఇల్లాలు తన చేతితో ఇస్తుంది. ఇచ్చేటప్పుడు తానెంత పారవేస్తున్నదో ఆమెకే తెలుస్తుంది, ఎత్తుకొనేవారి ముఖమూ కనబడుతుంది. మా తాతగారి పెంటదిబ్బకూ సూర్యాపేట బండికీ ఈ ఒక్క విషయంలో చుట్టరికం ఉన్నది.

2012 అక్టోబరులో వరంగల్లులో ఇటువంటిదే మరింత పెద్దయెత్తున జరిగింది. నగర శుభ్రతకు పోటీ పెట్టి, ఇతర పట్టణాల పారిశుద్ధ్య సిబ్బందిని రప్పించి, జట్లుగా విడదీసి ఒక్కొక్క జట్టుకు కొన్ని వీథులు అప్పగించారు. ఇంటింటికీ వెళ్ళి తడి పొడి వేరుచేయడం నేర్పారు. పరాయి ఊరివాడు వచ్చి మన వాకిట నిలబడి చెత్త అడిగితే ఇవ్వకపోవడం మన మర్యాదకు కుదరదు. ఆ కిటుకు కనిపెట్టినవారిని మెచ్చుకోవాలి.

మన రాష్ట్రంలో ఇటీవలి సంగతులు అందరూ ఎరిగినవే. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పథకం పెట్టి ఇంటింటి సేకరణకు రుసుము వసూలు చేశారు. జనం దానిని 'చెత్త పన్ను' అన్నారు. ఆ పన్నును రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి ప్రకటించారు. 2025 జనవరినుండి ప్రతి నెల మూడవ శనివారం స్వచ్ఛాంధ్ర దినమయింది. రెండు ప్రభుత్వాల మంచిచెడ్డలు నేను తూచబోను. పన్ను వేసినా తీసినా వాదమంతా చెత్త ఎత్తడానికి ఎవరు డబ్బివ్వాలన్న దగ్గరే తిరిగింది. చెత్త ఎవరిదన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఇరవైరెండు వేలకు పైగా జనం ఇరవై ఎనిమిది కిలోమీటర్ల తీరంలో 76 టన్నుల ప్లాస్టిక్కు ఏరినట్లు ప్రకటించారు. మహత్కార్యమే. ఆనాడే ఫ్లెక్సీల నిషేధమూ ప్రకటించారు. నేను చదివిన పత్రికల్లో మాత్రం టన్నులు కనబడ్డాయి కాని, గడులు కనబడలేదు.

ఉద్యోగ విరమణ తరువాత నేను మైపాడుకు తిరిగి వచ్చాను. ఈసారి గోతాలతో కాదు, రూళ్ళ నోటు పుస్తకంతో. నాటి విద్యార్థులిద్దరు, ఇప్పుడు వారికీ పిల్లలున్నారు, తోడు వస్తారు. నెలకొక ఆదివారం ఉదయం ఒడ్డున ఒకే చోట, కొబ్బరితాడుతో కొలిచిన మేర లెక్కపెడతాము. అన్ని కాలాల్లోనూ మొదట నిండే గడి టీకప్పులదే. తరువాత నీళ్ళ సీసా మూతలు, చిరుతిళ్ళ రేకు సంచులు. మాకు గర్వభంగం కలిగించిన విషయం ఒకటున్నది: పట్టపువారి తెగిన వలలు, తాళ్ళు చాలా ఉంటాయనుకున్నాము. లెక్కలో అవి కిందనే నిలిచాయి. వల ఖరీదైన వస్తువు, అతుకు వేసుకుంటారు గాని పారవేయరు. సొంతదారు ఉన్న వస్తువు కసవు కాదు.

భాషాపండితుడిగా నాకు దొరికిన ఆనందం మరొకటి. సంచుల మీద అక్షరాలుంటాయి. అవి చదువుతూ కూర్చుంటే ఒడ్డు ఒక శాసనాల గది. పెన్న సముద్రంలో కలిసేది మైపాడుకు ఉత్తరాన, ఊటుకూరు వైపు. ఈశాన్య రుతుపవనకాలంలో మన తీరపు ప్రవాహం ఉత్తరం నుండి దక్షిణానికి నడుస్తుంది, నైరుతి కాలంలో దక్షిణం నుండి ఉత్తరానికి. అందుచేత కార్తిక మార్గశిరాల్లో పెన్నకు నీరు వచ్చిన పిదప మాకు దొరికేవి నెల్లూరు దుకాణాల సంచులు. బట్టల కొట్లు, మిఠాయి కొట్లు, మందుల షాపులు, అన్నీ నేను నడిచిన వీథులవే. 2021 నవంబరు నాటి పెద్ద వరద తరువాత నేను అదే ఒడ్డున నిలబడి, నెల్లూరు బజారు మొత్తం ఇసుకలో చూశాను. జాఫర్ సాహెబ్ కాలువ వంటి పంటకాలువలు నగరంలో మురుగుకాలువలై, అటు పిమ్మట డెల్టాకు సాగునీరుగా ప్రవహిస్తున్న రోజుల్లో ఇది వింతేమీ కాదు. ఆషాఢ శ్రావణాల్లో మాత్రం అరవ అక్షరాల సంచులు పెరుగుతాయి. చెన్నపట్నం వైపునుండి కొట్టుకువచ్చాయని మావాళ్ళు సంబరపడ్డారు. నేను తొందరపడవద్దన్నాను. అరవ అక్షరాలున్న సరుకు సూళ్ళూరుపేట, నాయుడుపేటల్లోనే కాదు నెల్లూరులోనూ అమ్ముతారు. ఇంకా కొన్నేళ్ళు చూడాలి.

అయినా ఒకటి రూఢి అయింది. మైపాడు ఒడ్డున ఉన్న చెత్తలో కొంత మైపాడు వచ్చినవారిది, కొంత మైపాడు ముఖమే చూడనివారిది. మొదటిది ఒడ్డున అడగవలసినది. రెండవది ఎంత ఏరినా ఇక్కడ తీరదు. నెల్లూరులో కాలువ గట్టు మీది ఇంటి గుమ్మంలో అడగాలి. పట్టపు ముసలామె ఆనాడే చెప్పినది ఇదే గదా, నాకు అర్థమవడానికి పాతికేళ్ళు పట్టింది. ఆమె ఇప్పుడు లేరు.

ఒడ్డున అడగడం మాత్రం మొదలుపెట్టాము. టీ బంకు నడిపే అమ్మాయికి పుస్తకం చూపించాను. "ఇన్ని మావేనా సార్?" అని గీతలు తన వ్రేలితో లెక్కపెట్టుకున్నది. మా వాడొకడు, "నీయే కాదులే అక్కా, నాలుగు బంకులయి" అని సర్దిచెప్పబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. తన కప్పుల మీద నీలం గీత ఉంటుందట, మిగతావారివి తెల్లవట. మాకు ఇంతకాలం తట్టని భేదం! అప్పటినుండి టీకప్పుల గడిని రెండుగా చీల్చాము. మరుసటి నెలకు ఆమె పాత నూనె డ్రమ్ము ఒకటి తెచ్చి బంకు పక్కన పెట్టింది. నీలం గీత కప్పులు తగ్గాయి. తెల్లవి తగ్గలేదు.

డ్రమ్ము ఆదివారం సాయంత్రానికే నిండుతుంది. ట్రాక్టరు వచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా కుక్కలు, కాకులు దాని పని పడతాయి. ఆదివారం రాత్రి డ్రమ్ము ఎవరు ఖాళీ చేయాలన్నది తేలలేదు. పుస్తకంలో ఆ పేరు వ్రాయడానికి ఒక గడి విడిచిపెట్టి ఉంచాము. ఈ నెల నీళ్ళ సీసాలవాడి దగ్గరకు వెళ్ళాలని అనుకుంటున్నాము.

మీలో సముద్రపుటొడ్డునో, ఏటిగట్టునో ఉన్నవారు ఒక ఆదివారం ఇట్లా గడులు గీసి చూసి, మీకు మొదట నిండిన గడి ఏదో తెలియజేయగలరు.